పచ్చని ఇల్లు: ఏ చిట్కాకు ఎంత బరువు

ఇల్లు ప్రకృతి మీద మోపే భారం ప్రధానంగా మూడు దారుల్లో పడుతుంది. వేడి చేయడానికీ చల్లబరచడానికీ ఖర్చయ్యే కరెంటు, గ్యాసు ఒకటి. వాడి పారబోసే నీళ్లు రెండోది. గడప దాటి వెళ్లే చెత్త మూడోది. శుభ్రతకూ పురుగుల నివారణకూ వాడే మందులను నాలుగోదిగా లెక్కించవచ్చు గానీ, వాటి దెబ్బ ముందుగా తగిలేది ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తులకు, చర్మానికి. పర్యావరణ హితమంటూ ప్రచారంలో ఉన్న గృహ చిట్కాలన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. చిక్కల్లా వాటన్నిటినీ ఒకే వరసలో, ఒకే బరువున్నట్టు చెప్పడం అలవాటైపోవడమే. ఫోను ఛార్జరును ప్లగ్గులోంచి తీసేయమనే సలహా, డాబాకు తెల్ల సున్నం వేయమనే సలహా పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిదాని వల్ల ఏడాదికి మిగిలేది రెండు మూడు యూనిట్లకు మించదు. రెండోది వేసవి పొడుగునా ఇంటి వేడిని తగ్గిస్తుంది. కాబట్టి ప్రతి చిట్కానూ రెండు ప్రశ్నలు అడగాలి: పనిచేస్తుందా, చేస్తే ఎంత?

తెలుగు నేల మీద ఈ లెక్క ఎండతోనే మొదలవుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పెంకుటింట్లోనూ మండువా లోగిలిలోనూ వేడి గాలి పైకి పోయే దారి ఉండేది; శ్లాబు ఇంటికి అది లేదు. అందుకే డాబా మీద సున్నం గానీ, ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత గానీ, తెల్ల పెంకులు గానీ వేస్తే కింది గదిలో రెండు డిగ్రీలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసమే అయిదేళ్ల విధానాన్ని ప్రకటించింది. సున్నం చవక. కానీ ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది కనుక ఏటా ఎండలు ముదిరేలోపు మళ్లీ వేయాలి. అపార్టుమెంటులో కింది అంతస్తుల వాళ్లకు దీనితో ప్రయోజనం ఉండదు. వాళ్ల ఇళ్లలోకి వేడి వచ్చేది పడమటి కిటికీల నుంచి. అద్దానికి లోపల కట్టే పరదా కన్నా బయట కట్టే తడికో, వెదురు చాపో, పాకించిన తీగో చాలా మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చిందంటే దాని వేడి అప్పటికే గదిలో చేరినట్టే.

వట్టివేళ్ల తడికలు, కూలర్లు నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కోవడం అనే ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. గాలి పొడిగా ఉంటేనే నీరు వేగంగా ఆవిరవుతుంది. అందుకని హైదరాబాదు, వరంగల్లు, అనంతపురం వేసవిలో కూలరు హాయిగా ఉంటుంది. కాకినాడలో, విశాఖపట్నంలో అదే కూలరు గదిలో ఉక్కపోతను పెంచుతుంది. తెలుగు నేలంతటికీ ఒకే సలహా ఇవ్వడం ఇక్కడే తేలిపోతుంది. తీరప్రాంతంలో ఒంటికి గాలి తగలడమే ముఖ్యం, అంటే ఫ్యాను.

ఆ ఫ్యాను విషయంలో చాలా ఇళ్లలో జరగాల్సిన మార్పు ఇంకా జరగలేదు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. బ్రష్‌లు లేని (బీఎల్‌డీసీ) మోటారున్నది దాదాపు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగే ఒక్క ఫ్యాను మార్చితే 160 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్డులో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి యూనిట్టుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. అంటే ఒక ఫ్యాను దగ్గర ఏడాదికి 110 కిలోలు తగ్గినట్టు. ఎల్‌ఈడీ బల్బుల సంగతిలో దేశం ఈ దారి ఇప్పటికే నడిచింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు; 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల బల్బు ఇస్తోంది. ఫ్యాన్లకు కరెంటు పొదుపును తెలిపే నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయింది మాత్రం 2023 జనవరిలోనే. అద్దె ఇంట్లో ఫ్యాను ఇంటివాళ్లది, కరెంటు బిల్లు అద్దెకున్నవాళ్లది. మార్పు నెమ్మదిగా సాగడానికి ఇది చిన్న కారణం కాదు.

ఏసీ వాడకం ఇక తగ్గేది కాదు. వడదెబ్బకు మనుషులు పోతున్న చోట తగ్గించమనడం న్యాయమూ కాదు. చేయగలిగిందల్లా దాన్ని తెలివిగా వాడటం. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం తగ్గుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నదీ అందుకే. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే ఒంటికి తెలిసే చల్లదనం దాదాపు అంతే ఉంటుంది. చిట్కాల్లో ఎక్కడా కనిపించని అసలు విషయం ఏసీలోని గ్యాసు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 ఒక కిలో గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి పుట్టిస్తుంది. అంతకుముందటి ఆర్-410ఏ అయితే 2,000 కిలోలకు పైనే. ఏసీలో గ్యాసు పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. ఏటా గ్యాసు నింపించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. చిల్లు వెతికి అతికించకుండా నింపించుకుంటూ పోతే, ఆ ఇంట్లో మిగతా పొదుపులో పెద్ద వాటాను ఆ నష్టం మింగేయవచ్చు. పాత ఏసీని అమ్మేటప్పుడు గొట్టాలు కోసి గ్యాసును గాలిలోకి వదిలేయకుండా, సిలిండరులోకి లాగి పెట్టగల మెకానిక్కును పిలవడం కూడా ఈ కోవలోదే.

చిన్న పరికరాల్లో ఛార్జరు కన్నా సెట్‌టాప్ బాక్సు ముఖ్యం. టీవీ కట్టేసినా అది పది వాట్ల దాకా తీసుకుంటూనే ఉంటుంది. ఏడాది పొడుగునా అలా ఉంటే 80 యూనిట్లు దాటుతుంది. గోడ దగ్గర స్విచ్చి కట్టేస్తే సరిపోతుంది. గీజరు లెక్క నీళ్ల లెక్కే. ఇరవై లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్టు పడుతుంది. బకెట్టుతో స్నానం చేసేవాళ్లకు ఖర్చు అంతే; షవరు కింద నిలబడితే నీళ్లతో పాటు అదీ రెండు మూడింతలు అవుతుంది. గీజరును గంటల తరబడి వేసి ఉంచితే తొట్టిలో వేడి చల్లారుతూ మళ్లీ ఎక్కుతూ వృథా పోతుంది. ఇలా వాడకం తగ్గించుకున్నాక డాబా మీద సౌర ఫలకాలు పెట్టుకుంటే చిన్నవే సరిపోతాయి. ఒక కిలోవాటు ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. సొంత డాబా ఉన్నవాళ్లకు ఇది సులువు. అపార్టుమెంట్లలో డాబా అందరిదీ కావడంతో సంఘం ఒప్పుకుంటే తప్ప కదలదు. అలాంటి చోట్ల లిఫ్టు, మోటార్లు, మెట్ల దీపాల ఉమ్మడి బిల్లుకు సరిపడా పెట్టుకోవడం రాజీపడటానికి తేలికైన మార్గం.

వంటింట్లో మొదట చెప్పాల్సింది గ్యాసు పొయ్యి వల్ల ఒరిగిన మేలు. పేదిళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిన 1999 నాటి దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల పథకం కట్టెల పొగ నుంచి ఎందరో ఆడవాళ్లను బయటపడేశాయి. పచ్చదనం పేరుతో కట్టెల పొయ్యిని మళ్లీ పొగడటం ఆ ఊపిరితిత్తుల బాధను మరిచిపోవడమే. ఇక గ్యాసు కన్నా ఇండక్షన్ పొయ్యి పర్యావరణానికి మంచిదన్న మాట బాగా వ్యాపించింది. అది ఇక్కడ సగమే నిజం. ఇండక్షన్ పొయ్యి వేడిని వృథా చేయదు, వంటింటి గాలినీ పాడుచేయదు. కానీ బొగ్గు కరెంటుతో నడిచినంత కాలం, గిన్నెకు చేరే అంతే వేడికి గ్యాసు కన్నా దాదాపు రెండింతల కార్బన్ డయాక్సైడ్ థర్మల్ కేంద్రం దగ్గర వెలువడుతుంది. డాబా మీద ఫలకాలుండి పగటి పూట వండుకునే ఇంట్లో ఈ లెక్క తిరగబడుతుంది. పొయ్యి ఏదైనా పప్పు, శనగలు ముందే నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, కుక్కరు వాడటం, పొంగు వచ్చాక మంట తగ్గించడం పాతవే అయినా ఈనాటికీ తిరుగులేని పద్ధతులు. మంట నీలంగా కాక పచ్చగా వస్తుంటే బర్నరు రంధ్రాలు మూసుకుపోయాయని గుర్తు.

వండిన తిండి పారేయడం ఇంతకన్నా పెద్ద నష్టం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వేసిన అంచనా ప్రకారం భారతీయ ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోంది. ఒక ముద్ద అన్నం వెనక పొలానికి పెట్టిన నీళ్లు, ఎరువు, వరి మడిలో పుట్టిన మీథేన్, మిల్లు కరెంటు అన్నీ ఉంటాయి. మిగిలిన అన్నాన్ని పులిహోర కలపడం, చద్దికి పెట్టడం, పుల్లటి మజ్జిగను మజ్జిగపులుసు కాయడం పూర్వం పొదుపు కోసం పుట్టినవైనా, ఇంటి చిట్కాలన్నిటిలోనూ బరువైనవాటి సరసన నిలబడతాయి. వేయించగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం ఒంటికి చేటు, తూములో పోయడం కాలువలకు చేటు. కొద్దిపాటి నూనెను పాత కాగితానికి పీల్పించి చెత్తలో వేయడం నయం.

నీళ్ల సంగతికి వస్తే, కుళాయి తిప్పగానే వచ్చే నీటి వెనక కరెంటు దాగి ఉంటుంది. హైదరాబాదుకు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పంపుల మీద ఎత్తెక్కి వస్తాయి. ఇంటిదాకా వచ్చాక మళ్లీ సంపులోంచి పై ట్యాంకుకు తోడాలి. అందువల్ల అక్కడ నీటి పొదుపు, కరెంటు పొదుపు ఒకటే. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు 15 లీటర్లకు పైగా పారబోస్తుంది. పది రూపాయల వాషరు మార్చితే ఆగిపోతుంది. కుళాయి మూతికి గాలి కలిపే జల్లెడ బిగించడం, ఫ్లష్‌లో చిన్న మీట వాడటం, ట్యాంకు నిండగానే మోటారు ఆగే మీట పెట్టించడం ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన చిట్కా కన్నా ఒకసారి బిగించి మరిచిపోయేది ఎప్పుడూ మేలే.

వాన నీటి లెక్క తేలిక: చదరపు మీటరు పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడే హైదరాబాదులో 100 చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్లు పడతాయి. 550 మిల్లీమీటర్లే పడే అనంతపురం ప్రాంతంలో కూడా 55,000 లీటర్లు. ఇందులో అయిదో వంతు పోయినా మిగిలింది తక్కువేమీ కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం భూగర్భ జలాల రక్షణకు దారి వేసింది, ఇంకుడు గుంతలు ఊరూరా తవ్వారు. తవ్వినవాటిలో చాలా వరకు పూడికతో పనిచేయకుండా పోయాయి. పైన వేసిన ఇసుక పొరను ఏటా తొలకరికి ముందు తీసి కడిగితేనే నీళ్లు దిగుతాయి. గుంతను సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వాలి, డాబా మీద మొదటి వాన నీళ్లను బయటికి వదిలేయాలి. ఈ రెండూ మరిస్తే మంచి నీటికి బదులు మురికిని భూమిలోకి పంపినట్టవుతుంది. దక్కను రాతి నేలలో నీరు ఇంకేది బండల చీలికల వెంట కాబట్టి ఒక ఇంటి గుంతతో ఆ ఇంటి బోరే నిండుతుందని ఆశించకూడదు. వీధి వీధంతా చేసినప్పుడే ఫలితం కనిపిస్తుంది.

తాగునీటికి ఆర్‌ఓ యంత్రం పెట్టడం ఇప్పుడు అలవాటు. సాధారణంగా అది ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా పారబోస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్‌ఓ అవసరమే లేదు. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా ఈ హద్దునే తీసుకుని ఆదేశం ఇచ్చింది. నది నీళ్లు కుళాయిలో వచ్చే ఇంటికి వడపోత, అతినీలలోహిత కిరణాల యంత్రం లేదా కాచి చల్లార్చడం చాలు. నల్గొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరునీటి మాట వేరు. అక్కడ కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తల పద్ధతికి నల్గొండ పేరే ఉంది. ఆ నీళ్లు తాగక తప్పనివాళ్ల ఎముకలు కాపాడేదైతే ఆర్‌ఓ పారబోసే నీటిని తప్పు పట్టలేం. ఆ నీటిని గచ్చు కడగడానికీ మరుగుదొడ్డికీ వాడవచ్చు. ఉప్పు ఎక్కువగా ఉంటుంది కనుక మొక్కలకు పోయకపోవడమే మంచిది.

చెత్తలో సగం దాకా తడి చెత్తే. అది కుప్పలో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 27 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. అదే చెత్త గాలి తగిలేలా కుళ్లితే ఎరువు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. కుండలోనో చిల్లులున్న బకెట్లోనో ఎరువు చేసుకునేవాళ్లకు ఎదురయ్యే కష్టాలన్నిటికీ మూలం ఒక్కటే: తడి ఎక్కువై గాలి తక్కువ కావడం. కూరగాయ తొక్కలు వేసిన ప్రతిసారీ వాటికి రెట్టింపు ఎండుటాకులో, కొబ్బరి పొట్టో, రంపపు పొట్టో కలిపితే వాసన రాదు. కొంచెం పుల్ల మజ్జిగో పాత ఎరువో వేస్తే త్వరగా అందుకుంటుంది. రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. మాంసం, ఎముకలు, నూనె కూరలు ఇందులో వేయకూడదు. మిద్దెతోట ఉన్న ఇంట్లో ఇది చక్కగా సాగుతుంది, ఎరువుకు పని ఉంటుంది కాబట్టి. తోట లేనివాళ్లు చెత్తను వేరు చేసి బండికి ఇస్తే వాళ్ల బాధ్యత తీరుతుంది. ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. తొక్కలు వేరు చేయడం, కుండ కలపడం, సంచులు ఉతకడం అన్నీ ఇంటి ఆడవాళ్ల చాకిరీకి అదనంగా చేరుతున్నాయి. పని పంచుకోని ఇంట్లో పచ్చని పద్ధతులు ఆరు నెలలు నిలవవు. నిలవకపోవడం ఆ ఆడవాళ్ల తప్పూ కాదు.

పొడి చెత్తలో సంచి మీద జరిగినంత చర్చ మరి దేనిమీదా జరగలేదు. రోజుకొకటి చొప్పున ఏడాదంతా తెచ్చుకున్నా పల్చటి ప్లాస్టిక్ సంచుల బరువు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. వాతావరణం లెక్కలో అది ఒక ఫ్యాను ముందు చాలా చిన్నది. సంచి చేసే హాని వేరే రకం: అది మురుగుకాలువకు అడ్డుపడుతుంది, ఆవు కడుపులో చేరుతుంది, మట్టిలో ముక్కలై మిగిలిపోతుంది. ప్రత్యామ్నాయం కూడా కొలిచి ఎంచుకోవాల్సిందే. కొత్త పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడితేనే వాతావరణ లెక్కలో ప్లాస్టిక్ సంచికి సాటి అవుతుందని డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో లెక్కగట్టింది. పెళ్లికో సభకో పంచిపెట్టే కొత్త గుడ్డ సంచులు బీరువాలో పడి ఉంటే నష్టమే. పాత చీరతోనో ప్యాంటుతోనో కుట్టిన సంచికి ఈ చిక్కు లేదు. విందుల్లో కనిపించే మెరుపు కాగితం పళ్లాలకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. అవి ఎరువూ కావు, కాగితంగా మళ్లీ పనికీ రావు. తూర్పు కనుమల ఆదివాసులు ఏరే అడ్డాకులతో కుట్టిన విస్తళ్లు ఉండగా వీటిని కొనడం బాధాకరం. కంపోస్టబుల్ అని ముద్ర ఉన్న సంచుల్లో చాలావాటికి దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే పెద్ద ఎరువు కేంద్రం కావాలి. ఇంటి కుండలో అవి ఏళ్లు గడిచినా అలాగే ఉండవచ్చు. పాత సీఎఫ్‌ఎల్ దీపాల్లో పాదరసం ఉంటుంది కనుక పగలకుండా విడిగా ఇవ్వాలి. బ్యాటరీలు, గడువు దాటిన మందులు కూడా అంతే.

శుభ్రత చిట్కాల్లో నిజమూ నమ్మకమూ బాగా కలిసిపోయాయి. కుంకుడుకాయలోని సపోనిన్లు నిజమైన నురుగు పదార్థాలే. పట్టు చీరలకు, వెండికి, తలకు అవి ఎప్పటినుంచో నిరూపించుకున్నవే. కాకపోతే సపోనిన్లు చేపలకు విషం కాబట్టి ప్రకృతిలోంచి వచ్చిందని చెరువులో కలపకూడదు. చింతపండు పులుపు ఇత్తడి, రాగి మీది చిలుమును కరిగిస్తుంది. వెనిగరు, వంటసోడా కలిపి పోయమనే సలహా మాత్రం చూడ్డానికే బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని నీళ్లూ కొద్దిపాటి ఉప్పూ మిగులుతాయి. విడివిడిగా వాడితేనే దేని పని అది చేస్తుంది. తాండూరు బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, పాలరాయి సున్నపురాతి జాతివి. వాటి మీద వెనిగరు, నిమ్మరసం, యాసిడ్ ఏది పోసినా మెరుపు పోయి గరుకు తేలుతుంది. పండ్ల తొక్కలు, బెల్లం మూడు నెలలు పులియబెట్టిన ద్రావణం తేలికపాటి పుల్లటి కడుగునీరుగా పనికొస్తుంది. రోగక్రిములను చంపే మందుగా దాన్ని నమ్ముకోవడం ప్రమాదం. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త: బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాపాయం.

పురుగుల విషయంలో కందిపప్పుకు కొద్దిగా ఆముదం పట్టించడం పరీక్షకు నిలిచిన పద్ధతి. గింజ మీది నూనె పొర గుడ్లను బతకనివ్వదు. బియ్యంలో నాలుగు వేపాకులు వేసినంత మాత్రాన పురుగు ఆగదు. ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోయడమే అసలు పని. దోమలకు కిటికీ జల్లెడ, దోమతెరలను మించిన మందు లేదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీటి నిల్వలో గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో రెక్కలు తొడుగుతుంది. తొట్లు, కూలరు, ఫ్రిజ్ వెనక పళ్లెం, కుండీల కింది మూకుళ్లు శుక్రవారం శుక్రవారం ఎండగట్టమని చెప్పడం ఆ లెక్క ప్రకారమే. దోమల చుట్ట ఒకటి కాలితే వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన పరిశోధన తేల్చింది. మూసిన గదిలో పిల్లల పక్కన దాన్ని వెలిగించడం దోమకాటు కన్నా మేలేమీ కాదు. ప్రకృతి సహజమని కాల్చే వేపాకు, గుగ్గిలం, అగరుబత్తి పొగ కూడా పొగే.

గదిలో కుండీలు పెడితే గాలి శుద్ధి అవుతుందన్న నమ్మకానికి మూలం 1989 నాటి నాసా ప్రయోగం. అది బిగించిన చిన్న పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో తలుపు సందుల గుండా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది మొదలు వెయ్యి దాకా కావాల్సి ఉంటుందని 2019లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. కంటికి ఇచ్చే హాయి కోసం మొక్కలు పెంచుకోవడానికి అభ్యంతరం లేదు. గాలి కోసమైతే ఎదురెదురు కిటికీలు పొద్దున్నే తెరవాలి, తాలింపు వేసేటప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను తిప్పాలి, రోడ్డు వైపు కిటికీలను రద్దీ గంటల్లో మూసి ఉంచాలి.